రైలు పట్టణపు నాడి: ఖరగ్‌పూర్ తెలుగువారు, రక్తపోటు, గుండె లయ

ఖరగ్‌పూర్ అనగానే చాలామందికి పొడవైన ప్లాట్‌ఫారం గుర్తుకు వస్తుంది. 1,072.5 మీటర్ల ఆ ప్లాట్‌ఫారం 2013లో గోరఖ్‌పూర్ దానిని మించేవరకు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పాఠ్యపుస్తకాలలో నిలిచింది. మరికొందరికి 1951లో హిజిలీ నిర్బంధ శిబిరపు భవనంలో ప్రారంభమైన సాంకేతిక విద్యాసంస్థ గుర్తుకు వస్తుంది. ఆ పట్టణంలో నాలుగు తరాలుగా నివసిస్తున్న తెలుగు కుటుంబాలను కదిపి చూస్తే మాత్రం సంభాషణ ఎక్కడ మొదలైనా, కొంతసేపటికి రైల్వే ఆసుపత్రి దగ్గరకు చేరుతుంది. ఎవరి ‘బీపీ’ ఎంత, ఎవరు ‘మెడికల్’ నెగ్గారు, ఎవరు ఇంజను దిగి ఆఫీసులో కూర్చోవలసి వచ్చింది అన్న ముచ్చట్లు అక్కడ పెళ్ళి సంబంధాల ముచ్చట్లంత సహజం. కార్మికుల సమ్మెలు, వేతనాలు, వలసలు చరిత్రకారుల దృష్టికి వచ్చాయి. ఆ కార్మికుల నరాలలో ప్రవహించిన రక్తం ఎంత ఒత్తిడితో ప్రవహించినదో, అది వారి బ్రతుకులను ఎట్లా మలచినదో రాసినవారు అరుదు.

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. 1900 నాటికి కలకత్తా వైపు మార్గం పూర్తి కావడంతో, మిదునపురం జిల్లాలోని ఎర్రమట్టి మెట్టనేల ఒక పెద్ద కూడలిగా మారింది. ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో అక్కడ భారీ కర్మాగారం వెలసింది. దాదాపు అదే కాలంలో వాల్తేరు నుండి కటకం వరకు గల తూర్పు తీర రైలుమార్గం ఈ కంపెనీ చేతికి వచ్చింది. ఆ రైలుమార్గమే ఉత్తరాంధ్ర నుండి వలసకు త్రోవ చూపింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలవారు గ్యాంగుమన్‌లుగా, ఫైర్‌మన్‌లుగా, ఫిట్టర్లుగా, గుమాస్తాలుగా వచ్చి స్థిరపడ్డారు. 1927లో ఖరగ్‌పూర్ కర్మాగారాన్ని రెండుమార్లు స్తంభింపజేసిన కార్మికోద్యమంలో వి.వి. గిరి పాత్ర పాఠకులకు విదితమే. ఆ ఉద్యమపు కోరికలలో ఉద్యోగభద్రత ఉన్నది, వేతనం ఉన్నది. రక్తపోటు లేదు, ఉండే అవకాశమూ లేదు. ఆనాటికి రైల్వే వైద్యుల యుద్ధమంతా మలేరియాతోను, కలరాతోను. ఈ కంపెనీ మలేరియా నిపుణుడు సీనియర్-వైట్ దోమల గురించి చేసిన పరిశోధనలు వైద్యప్రపంచంలో పేరు గాంచాయి. జ్వరంతో ముప్పయ్యవ యేట మరణించేవానికి అరవయ్యవ యేట రాబోయే పక్షవాతం గురించి చింత ఎందుకుంటుంది?

యంత్రం మాత్రం అప్పటికే పుట్టి ఉన్నది. చేతికి గాలిపట్టీ చుట్టి, పాదరసపు మట్టంతో రక్తపు ఒత్తిడిని కొలిచే పద్ధతిని ఇటలీ వైద్యుడు రీవా-రొచ్చీ 1896లో ప్రకటించాడు. పట్టీ క్రింద ధమనిపై స్టెతస్కోపు ఉంచి శబ్దాలను వినే పద్ధతిని రష్యా సైనిక వైద్యుడు కొరొట్కోఫ్ 1905లో చెప్పాడు. ఆ విధంగా ఖరగ్‌పూర్ పట్టణమూ, రక్తపోటు కొలిచే సాధనమూ సమవయస్కులు. ఈ సాధనం ఇచ్చే అంకెకు తెలుగులో పేరు పెట్టినవారు ‘పోటు’ అన్న మాటను ఎన్నుకున్నారు. ఆటుపోటుల పోటు అది. సముద్రతీరం నుండి వచ్చినవారికి అంతకంటె సులభంగా అర్థమయ్యే మాట మరొకటి లేదు. అయినా వ్యవహారంలో ఎవరూ ‘రక్తపోటు’ అనరు. పండితుడూ పామరుడూ ‘బీపీ’ అనే అంటారు. గుండె లయ విషయంలో తెలుగు ఓడిపోలేదు. ‘దడ’ అన్న రెండక్షరాల మాటకు సాటి రాగల వైద్యపదం నాకు కనిపించలేదు.

ఆవిరి ఇంజను ఫుట్‌ప్లేటు మీద ఫైర్‌మన్ బ్రతుకు గుండెకు పరీక్ష. ఎదుట కొలిమి, వెనుక చలిగాలి, పారతో బొగ్గు ఎగదోయడం, రాత్రి డ్యూటీలు, వేళకు రాని తిండి, నిలకడలేని నిద్ర. వంతులవారీ రాత్రిపనికీ, నిద్రలేమికీ అధిక రక్తపోటుతో గల సంబంధాన్ని ఇటీవలి పరిశోధనలు ధ్రువీకరించాయి. డ్యూటీ మొదలైతే ఎప్పుడు ముగుస్తుందో తెలియని ఆ పద్ధతిపైనే 1973లో లోకో సిబ్బంది సమ్మె కట్టి, పనివేళను 10 గంటలకు పరిమితం చేస్తామన్న ప్రభుత్వ వాగ్దానం పొందారు. దానిని కార్మిక చరిత్రగా మాత్రమే చదువుతాము. గుండె చరిత్రగా కూడా చదువవచ్చును.

ఇక ఉప్పు. చెమటతో పోయిన ఉప్పును భర్తీ చేయాలన్న నమ్మకం కొలిమి దగ్గర పనిచేసే ప్రతివానికీ ఉంటుంది. దానిలో కొంత నిజమూ ఉన్నది. ఇంజను దిగి కార్యాలయంలో కూర్చున్న తరువాత కూడా ఆవకాయ, ఎండుచేప, మజ్జిగలో ఉప్పు మిరపకాయ అదే పాళ్ళలో సాగడం వల్లనే చిక్కు. ప్రపంచ ఆరోగ్యసంస్థ రోజుకు 5 గ్రాములకు లోపు ఉప్పు చాలునంటుంది. చిత్రమేమంటే ఖరగ్‌పూర్ తెలుగువారు వచ్చి స్థిరపడిన నేల కూడా ఉప్పునేలకు పొరుగు. ఈస్టిండియా కంపెనీ కాలంలో హిజిలీ, తమ్లూక్ ఏజెన్సీలు బెంగాలుకు ఉప్పు పండించిన కేంద్రాలు. మలంగీలనే కూలీలు ఉప్పునీటిని కాచి కంపెనీకి అప్పగించేవారు. 1930లో అదే జిల్లాలోని కాంథీ తీరం ఉప్పు సత్యాగ్రహానికి పేరెన్నికగన్నది. శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు కొఠారులను ఎరిగినవారికి ఈ దృశ్యం పరాయిది కాదు.

ఉప్పు సత్యాగ్రహం నడిపిన గాంధీజీ దక్షిణాఫ్రికాలో ఏళ్ల తరబడి ఉప్పు మానిన మనిషి. అయినను ఆయనకు అధిక రక్తపోటు తప్పలేదు. భారత వైద్య పరిశోధన మండలి 2019లో వెలువరించిన ఆరోగ్య పత్రాల ప్రకారం 1937 అక్టోబరులో ఆయన రక్తపోటు 194/130. 1940 ఫిబ్రవరిలో 220/110. ఈనాటి ఏ వైద్యుడైనా ఆ అంకెలు చూస్తే రోగిని ఇంటికి పంపడు. ఉప్పు ఒక్కటే కారణమని, ప్రశాంతచిత్తమే మందని తేల్చి చెప్పేవారు ఈ పత్రాలను ఒకసారి చూడడం మంచిది. సుశీలా నయ్యర్‌కు రాసిన ఒక లేఖలో గాంధీజీ సర్పగంధను ప్రస్తావించారు. ఆ మూలిక గురించి కొంత వివరంగా చెప్పుకోవలసి ఉన్నది.

సర్పగంధను మన వైద్యులు పాతాళగంధి అని కూడా వ్యవహరించారు. పాముకాటుకు, ఉన్మాదానికి, నిద్రలేమికి దాని వేరును వాడడం దేశమంతటా ఉన్న ఆచారం. దానిని రక్తపోటుతో ముడిపెట్టి ఆధునిక వైద్యపత్రికలో ప్రకటించినవారు కలకత్తా వైద్యులు గణనాథ సేన్, కార్తీక చంద్ర బోస్. ఆ సంవత్సరం 1931. అదే సంవత్సరం ఢిల్లీ తిబ్బియా కళాశాలలో సలీముజ్జమాన్ సిద్దీఖీ, రఫత్ హుసేన్ సిద్దీఖీలు వేరునుండి క్షారపదార్థాలను వేరుచేశారు. ఆ కళాశాలకు ప్రాణంపోసిన హకీం అజ్మల్ ఖాన్ పేర వాటిలో ఒకదానికి ‘అజ్మలీన్’ అని నామకరణం చేశారు. కలకత్తా ఉష్ణమండల వైద్యపాఠశాలలో రామనాథ్ చోప్రా బృందం 1933లో జంతువులపై ప్రయోగాలు చేసి రక్తపోటు తగ్గే విధానాన్ని నమోదుచేసింది. ఈ కలకత్తా పరిశోధనలు జరిగిన చోటుకు ఖరగ్‌పూర్ సుమారు 120 కిలోమీటర్ల దూరం. మెయిలు బండిలో కొద్ది గంటల ప్రయాణం.

అయినను ప్రపంచం వినిపించుకోలేదు. 1945 ఏప్రిల్ 12న అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ మెదడులో రక్తస్రావంతో కుప్పకూలినపుడు ఆయన రక్తపోటు 300/190. అంతకు ఏడాది ముందే వ్యాధిని గుర్తించిన వైద్యుని వద్ద విశ్రాంతి, పథ్యం, డిజిటాలిస్ తప్ప గట్టి సాధనం లేదు. కలకత్తా వ్యాసం వెలువడి అప్పటికి పద్నాలుగేళ్లు. 1949లో బొంబాయి హృద్రోగ నిపుణుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగులపై సర్పగంధ ఫలితాలను బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించిన తరువాత గాని పశ్చిమ దేశాలలో చలనం రాలేదు. 1952లో స్విట్జర్లాండులోని సీబా సంస్థ రసాయనవేత్తలు రిసెర్పిన్‌ను వేరుచేశారు. లాభం ఎవరికి దక్కినది అన్న ప్రశ్న వేరు. భారతదేశపు అడవులలో ఆ మొక్క తరిగిపోయి 1990లో అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాకెక్కింది.

రక్తపోటును తగ్గిస్తే ప్రాణం నిలుస్తుందని మొదట నిస్సంశయంగా నిరూపించినది అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రులలో ఎడ్వర్డ్ ఫ్రైస్ నడిపిన పరీక్ష. 1967లో వెలువడిన ఆ నివేదికలో 143 మంది పురుషులు. ఉత్తుత్తి మాత్రలు మింగినవారిలో 27 మందికి తీవ్రమైన ఆపదలు వచ్చాయి. నిజమైన మందు మింగినవారిలో ఇద్దరికి. ఆ నిజమైన మందు మూడింటి కలయిక, వాటిలో ఒకటి రిసెర్పిన్. మందకొడితనం, దిగులు వంటి దుష్ఫలితాల వలన రిసెర్పిన్ తరువాతి కాలంలో వెనుకబడింది. ఈనాడు ఖరగ్‌పూర్ విశ్రాంత ఉద్యోగుల మందుల సంచిలో ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ వంటివి ఉంటాయి. అయినను మన వేరు నిలబెట్టిన నిరూపణపైనే ఆ సంచి ఆధారపడి ఉన్నదన్న సంగతి మరువరానిది.

లయ సంగతి ఇంకా పురాతనం. చరక సుశ్రుతులలో నాడీపరీక్ష కనబడదు. శార్ఙ్గధర సంహితలో అది స్పష్టంగా ఉన్నది. వాతనాడి జలగ వలె, పాము వలె. పిత్తనాడి కప్ప వలె. కఫనాడి హంస వలె నడుస్తుందన్నారు. తెలుగునాట బసవరాజీయం ఆ సంప్రదాయాన్ని ఇంటింటి వైద్యునికి అందించింది. ఈ ఉపమానాలను నేటి హృద్రోగ విజ్ఞానంతో సరిపోల్చి గర్వించడం మన వ్యాసకర్తలలో కొందరికి ఇష్టమైన పని. అంత దూరం పోనక్కరలేదు. మూడు వ్రేళ్ళు మణికట్టుపై ఉంచి ఓపికగా లెక్కపెట్టినవానికి, నాడి తప్పుతున్నదా, తప్పడంలోనైనా ఒక క్రమం ఉన్నదా, ఏ క్రమమూ లేదా అన్నది తెలిసిపోతుంది. ఏ క్రమమూ లేని నాడి చాలామట్టుకు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ లక్షణం. గుండె పైగదులు సంకోచించక వణకడమే దాని స్వరూపం. వణకే గదిలో రక్తం నిలిచి గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. ఈ లయదోషం ఉన్నవారికి ఆ ప్రమాదం సుమారు ఐదురెట్లని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం తేల్చింది. ఏళ్ల తరబడి అదుపులేని రక్తపోటు ఆ పైగదిని సాగదీసి ఈ స్థితికి తెస్తుంది. కాబట్టి పోటు, దడ అన్నవి రెండు వేరు జబ్బులుగా కనబడినా తరచు తల్లీబిడ్డలు.

మన దేశంలో ఈ బిడ్డకు మరో తల్లి కూడా ఉన్నది. ఇరుకు ఇళ్లలో పిల్లలకు గొంతునొప్పితో మొదలై కీళ్లవాతంగా మారి గుండె కవాటాలను చెరిచే రుమాటిక్ జ్వరం అది. పాశ్చాత్య దేశాలలో నడివయసున కనిపించే మైట్రల్ కవాట సంకోచం మన దేశంలో ఇరవై యేళ్లు నిండని పిల్లలలోనే ముదిరి కనిపిస్తున్నదని 1963లో లాన్సెట్ పత్రికలో ప్రకటించినవారిలో సుజయ్ రాయ్‌తో పాటు వులిమిరి రామలింగస్వామి ఒకరు. ఆయన 1921లో శ్రీకాకుళంలో జన్మించి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, అఖిలభారత వైద్య విజ్ఞాన సంస్థకు, వైద్య పరిశోధన మండలికి సారథ్యం వహించినవారు. ఏ ఊళ్ల నుండి ఖరగ్‌పూర్ క్వార్టర్లకు జనం తరలిపోయినారో ఆ ఊళ్ల బిడ్డే ఆయన. గుండెకండరం సహా ప్రతి కండరానికీ శక్తినిచ్చే ఏటీపీని 1929లో సైరస్ ఫిస్క్‌తో కలిసి వెల్లడించిన యల్లాప్రగడ సుబ్బారావు భీమవరంలో పుట్టినవాడు. 1948 ఆగస్టులో అమెరికాలో, 53వ యేట, నిద్రలోనే గుండె ఆగి మరణించాడు.

సర్పగంధ ఈ కథలో మరల ప్రవేశిస్తుంది. అజ్మలీన్ గుండె లయను ప్రభావితం చేసే మందు. 1992లో బ్రుగాడా సోదరులు వర్ణించిన, నిద్రలో హఠాన్మరణానికి దారితీయగల లయదోషాన్ని బయటపెట్టుటకు ఈనాడు పలు దేశాల ఆసుపత్రులలో ఆ మందునే సూదిద్వారా ఇచ్చి ఈసీజీ తీస్తారు. ఒకే వేరులో ఒక పదార్థం పోటును తగ్గించింది, ఒక పదార్థం దడ రహస్యం చెప్పింది.

ఇక అసలు విషయం. రైలు నడిపేవాని రక్తపోటు అతని సొంత వ్యవహారం కాదు. వెనుక పెట్టెలలో వెయ్యిమంది ఉంటారు. అందువలన రైల్వేలు ఉద్యోగులను ఎ-1 నుండి సి-2 వరకు వైద్యతరగతులుగా విభజించాయి. డ్రైవరు ఎ-1. 2000 నాటి రైల్వే వైద్య మాన్యువల్ నిర్దేశించిన ప్రకారం ఆ తరగతివారికి 45 ఏళ్ల వరకు నాలుగేళ్లకొకసారి, 55 వరకు రెండేళ్లకొకసారి, ఆపైన ఏటేటా పరీక్ష. ఇంజనులో ఇంకొక కావలి ఉన్నది. డ్రైవరు నిర్ణీత వ్యవధిలో ఏ మీటా కదపకపోతే దీపం వెలిగి, గంట మ్రోగి, అప్పటికీ స్పందన లేకపోతే తనంత తాను బ్రేకులు వేసే యంత్రం అది. దాని పూర్వరూపానికి ఇంగ్లీషువారు పెట్టిన పేరు ‘చచ్చినవాని పిడి’. అంత నిష్కర్షగా పేరు పెట్టడం మన భాషలలో జరిగేది కాదు.

వైద్యపరీక్షలో తప్పినవానికి ఏమవుతుంది? ఇంజను దిగాలి. నడిచిన కిలోమీటర్లనుబట్టి వచ్చే భత్యాన్ని రైలుజనం ‘మైలేజీ’ అంటారు; ఇంటి అద్దె, పిల్లల చదువు, ఊరిలో కట్టే ఇల్లు దాని మీదనే నడుస్తాయి. కుర్చీ ఉద్యోగానికి మారినపుడు మూలవేతనానికి 30 శాతం కలిపి జీతం నిర్ణయించే పద్ధతి ఉన్నది. మైలేజీ మాత్రం రాదు. వికలాంగుల చట్టం 1995లో 47వ సెక్షను ఈ విషయంలో పెద్ద మలుపు. సేవాకాలంలో వైకల్యం పాలైనవానిని తొలగించరాదని, హోదా తగ్గించరాదని, అదే వేతనశ్రేణిలో వేరు పని చూపాలని, పని దొరికేవరకు అదనపు పోస్టు కల్పించి ఉంచాలని అది శాసించింది. 2016 చట్టంలో 20వ సెక్షను ఆ రక్షణను కొనసాగించింది. అంతకు పూర్వం ప్రత్యామ్నాయ ఉద్యోగం కోసం ఎదురుచూపుల్లో సెలవులు కరిగిపోయినవారి కథలు రైలుపట్టణాలన్నింటిలో ఉన్నాయి.

చట్టం మారినా భయం మారలేదు. విశ్రాంత డ్రైవర్లు మాటల సందర్భంలో నాతో చెప్పిన సంగతులు కొన్ని ఉన్నాయి. పరీక్షకు వారం ముందు పచ్చళ్లు మానడం, ప్రైవేటు డాక్టరు వద్ద పేరు మార్చి మాత్రలు తెచ్చుకొని మింగడం, పరీక్ష గట్టెక్కగానే ఆ మాత్రలు ఆపివేయడం. ఆపివేయడంలోనే ఎక్కువ అపాయం ఉన్నది. కొన్ని మందులు హఠాత్తుగా మానితే పోటు మునుపటికంటె పైకి లేస్తుంది, గుండె దడ పట్టుకుంటుంది. దీనికి తోడు తెల్లకోటును చూడగానే పోటు పెరగడమన్నది ప్రపంచమంతటా నమోదైన విషయం. ఆ తెల్లకోటు చేతిలో జీవనోపాధి కూడా ఉన్నపుడు అంకె ఎటు పోతుందో ఊహించుకోవచ్చును. దాచినవానిని నిందించడం సులభం. నా అభిప్రాయంలో తప్పు కొలతది కాదు, కొలతకు కట్టిన వెలది. మందుతో అదుపులో ఉండి, గుండె, మూత్రపిండాలు, కన్ను చెడనంతవరకు పోటు ఉన్నవాడు పనికిరానివాడు కాడన్న మాటను పరీక్షగదిలో కాక, డ్యూటీ ఎక్కే లాబీలో, రన్నింగ్ రూములో, వారి భాషలో ముందుగా చెప్పి ఉంటే ఎందరో దాచి ఉండేవారు కారు.

ఈ పరీక్షలన్నీ పురుషుల చుట్టూ తిరిగినవి. క్వార్టరులో రాత్రి రెండింటికి లేచి డ్యూటీకి పోయే భర్తకు అన్నం వండి, ఉదయం పిల్లలను బడికి పంపిన ఇల్లాలి చేతికి పట్టీ చుట్టినవారెవరు? కాన్పు సమయంలో తప్ప ఆమె పోటు ఎవరూ చూడలేదు. స్టేషను వెలుపల రిక్షా తొక్కినవానికీ, కాంట్రాక్టు కూలీకీ కాలబద్ధ పరీక్ష లేదు. దాని ఫలితం పల్లెలలో మరింత స్పష్టం. 2003-04లో గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో, సుమారు 1,80,000 జనాభాలో మరణకారణాలను విచారించినపుడు 32 శాతం గుండె, రక్తనాళాల వ్యాధుల వల్లనని తేలింది. 2023లో ప్రకటితమైన జాతీయ అధ్యయనంలో వయోజనులలో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉన్నది. 2017లో ఆరంభమైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమానికి తొలుత ఎన్నికైన ఐదు రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. ఒకే విధమైన చికిత్సాక్రమం, దగ్గరి ఆరోగ్యకేంద్రంలోనే మందు, రాని రోగిని వెదకి పిలవడం దాని పద్ధతి. ఇది కొత్త ఆవిష్కరణ కాదు. ఉద్యోగులకు రైల్వే ఆసుపత్రులు ఏనాటినుండో చేస్తున్నదే, గోడల వెలుపలకు వచ్చింది.

విశ్రాంత ఉద్యోగులకు 1997 నాటి వైద్యపథకం క్రింద ఆసుపత్రి తలుపు తెరిచే ఉన్నది. ఖరగ్‌పూర్‌లోనే ఉండిపోయినవారు నెలమందుల వరుసలో నిలబడతారు. విశాఖ వైపు మరలినవారు అక్కడి రైల్వే ఆసుపత్రిలో చూపించుకుంటారు. ఇద్దరికీ ఉమ్మడి ఇబ్బంది భాష. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ ఇచ్చినపుడు ఆకుకూరలు మానమని కాదు, ఒక్కతీరుగా తినమని వైద్యుడు చెప్పాలి; ఒక వారం గోంగూర, మునగాకు దండిగా తిని మరువారం మానితే మందు పాళ్లు తప్పుతాయి. ఈ మాట బెంగాలీలోనో హిందీలోనో వింటే ముసలమ్మకు ‘ఆకుకూర వద్దు’ అని మాత్రమే చేరుతుంది. అదేవిధంగా నాడి క్రమం తప్పినవారికి ఇంటిలోని ఎలక్ట్రానిక్ యంత్రం ఒక్కసారి చూపిన అంకెను నమ్మరాదు. రెండు మూడుసార్లు కొలిచి సగటు చూడాలి. దీనినీ ఎవరో ఒకరు తెలుగులో చెప్పాలి.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికారభాషా ప్రతిపత్తి ఇచ్చుటకు ఆమోదించింది. ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాల కోరిక అది. ఆ ప్రతిపత్తి బడిలో, కార్యాలయ దరఖాస్తులో ఎంతవరకు వచ్చినదన్న చర్చ పత్రికలలో జరుగుతూనే ఉన్నది. మందుచీటీ వెనుక నాలుగు తెలుగు పంక్తులు అచ్చువేయుటకు ఏ చట్టసవరణా అక్కరలేదు. ఏ మాత్ర ఉదయం, ఏ మాత్ర రాత్రి, ఏది ఎన్నడూ తనంత తాను ఆపకూడదు, నాడి ఎట్లుంటే ఆసుపత్రికి రావాలి. అంత మాత్రమే.